తొలి పఠనం ఎవరి సొత్తు?

ఒక పాఠకుడు తాను చదివి ఆశ్చర్యపోయిన పుస్తకాన్ని మరో పాఠకుడి చేతిలో పెట్టి చదవమనడం పైకి మామూలు వ్యవహారంగానే కనిపించినా, ధర్మవిచారం చేసేవారికి అది అంత తేలికగా తెగే విషయం కాదు. ఆ చేతిమార్పులో నిజంగా ఇచ్చేది ఏమిటి, ఇవ్వడానికి అర్హత ఎవరికి ఉంది, పుచ్చుకున్నవారికి కలిగే లాభనష్టాలకు ఇచ్చినవారు ఎంతవరకు బాధ్యులు అనే మూడు ప్రశ్నలు అక్కడ ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి. వ్యాకరణమో వైద్యమో చెప్పే గ్రంథం విషయంలో ఈ ప్రశ్నలకు సమాధానం సులభం. శాస్త్ర నియమాలను ఆధారం చేసుకుని ఇంకా రాని కాలాన్నో, లేని లోకాన్నో ఊహించే సైన్స్ ఫిక్షన్, మంత్రమహిమలతో వేరొక సృష్టినే కట్టి చూపే ఫాంటసీ విషయంలో మాత్రం ప్రశ్న జటిలమవుతుంది. ఈ రెండు రకాల రచనలకూ ప్రాణం అద్భుతరసం. విస్మయం అనే స్థాయీభావం, అంటే మనసులో నిలకడగా ఉండి తగిన సామగ్రి దొరికినప్పుడు రసంగా పండే భావం, అద్భుతానికి మూలమని భరతుడు నాట్యశాస్త్రంలో నిర్ణయించి, ఆ రసానికి బ్రహ్మను అధిదేవతగా చెప్పాడు. సృష్టికర్తే ఆశ్చర్యానికి అధిపతి కావడంలో ఎంతో ఔచిత్యం ఉంది. లేనిది ఉన్నదైన క్షణంలోనే గదా విస్మయం పుట్టేది.

ఈ విచారానికి నంద్యాల సీమకంటే తగిన చోటు తెలుగుదేశంలో మరొకటి దొరకడం కష్టం. 16వ శతాబ్దిలో పింగళి సూరన ఎనిమిది ఆశ్వాసాల కళాపూర్ణోదయాన్ని రచించి నంద్యాల ప్రభువైన కృష్ణమరాజుకు అంకితమిచ్చాడు. పురాణ కథను పెంచి కావ్యం చేయడమే ఆనవాయితీగా ఉన్న కాలంలో పూర్తిగా కల్పించిన కథతో, ఆకాశంలో సాగే విమానాలతో, ఒకరి రూపం మరొకరు ధరించే మాయలతో, పూర్వజన్మ స్మృతులతో అల్లిన ఆ కావ్యాన్ని తెలుగు ఫాంటసీకి మూలమనడం అతిశయోక్తి కాదు. నంద్యాలకు ఆత్మకూరు వైపున నల్లమల అంచులో ఉన్న వెలుగోడులో, ఆళ్లగడ్డలో పెరిగి ఈనాడు గ్రహాంతర యానాల నవలలనూ మాంత్రిక గాథలనూ ఇచ్చిపుచ్చుకునే పాఠకులకు ఆ కావ్యం తమ నేల మీదే అంకితమైనదని తెలియకపోతే, ఆ లోపం వారికి పాఠం చెప్పినవారిది.

కళాపూర్ణోదయం ప్రస్తుత ప్రశ్నకు దగ్గరయ్యేది ఊరి పేరు వల్ల మాత్రమే కాదు. బ్రహ్మ సరస్వతికి ఏకాంతంలో చెప్పిన ఒక కథ ఆ కావ్యానికి గర్భంలో ఉంది. ప్రణయవేళ మాటగా పుట్టిన ఆ కల్పన భూలోకంలో మనుషులై, రాజ్యాలై నిజమవుతుంది. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ 2002లో ప్రచురించిన ఆంగ్లానువాదం ఆ కథను ఎన్నడూ చెప్పకూడని కథగా శీర్షికలోనే పేర్కొన్నది. కావ్యం నడక కూడా ఆ నిషేధానికి తగినట్టే ఉంటుంది: కార్యం ముందు, కారణం తరువాత. ద్వారకలో కలభాషిణి ఉయ్యాల ఊగే ఘట్టంలో చదువరికి తగిలే చిక్కుముళ్లు ఎన్నో ఆశ్వాసాలు దాటాక గాని విడవు. ఆ ముళ్లు ఏవో, ఎలా విడతాయో ఇక్కడ చెప్పడం ఈ వ్యాసంలోని వాదానికే విరుద్ధం కాబట్టి చెప్పడం లేదు. కట్టమంచి రామలింగారెడ్డి కవిత్వతత్త్వ విచారములో సూరనను విమర్శకు తీసుకున్న తరువాత ఆధునిక చదువరుల దృష్టి ఈ కావ్యం మీదికి కొత్తగా మళ్లింది. మూడున్నర శతాబ్దాల తరువాత ఒక పాఠకుడు తోటి పాఠకులకు చేసిన సిఫారసుగా ఆ గ్రంథాన్ని చూడవచ్చు.

పుస్తకం ఇవ్వడాన్ని సంప్రదాయం విద్యాదానంగా లెక్కిస్తుంది. ఇచ్చేకొద్దీ తరగనిది విద్య అన్న మాట బడిలో అడుగుపెట్టిన ప్రతివారూ విన్నదే. శ్రీశైలం నుంచి పోతిరెడ్డిపాడు, బానకచెర్ల మీదుగా వచ్చే కృష్ణాజలాలను నిలిపే వెలుగోడు జలాశయంలో సుమారు 17 టీఎంసీల నీరు పడుతుంది. తెలుగుగంగ కాలువలోకి వదిలిన నీరు సోమశిల, కండలేరు మీదుగా చెన్నై దాకా పోతుంది, పోయిన నీరు పైవారికి మిగలదు. విద్యకు ఈ నియమం వర్తించదని పెద్దల మాట. గణితసూత్రం పదిమందికి చెప్పినా చెప్పినవాడి దగ్గర అంతే ఉంటుంది, విన్న పదిమందిలోనూ అంతే ఉంటుంది. అయితే అద్భుతకథ విషయంలో ఈ మాట సగమే నిజం. కథ తరగకపోయినా కథలోని కొత్తదనం తరుగుతుంది. తాత్పర్య నిర్ణయానికి వేదాంతులు చెప్పే ఆరు లింగాల్లో, అంటే గుర్తుల్లో, అపూర్వత ఒకటి. మరే దారిలోనూ ముందుగా తెలియని విషయాన్ని తెలిపే గుణమని దానికి అర్థం. శాస్త్రంలో అపూర్వత గ్రంథానికి చెందిన గుణం. అద్భుతకథలో అది గ్రంథానికీ చదువరికీ మధ్య ఒక్కసారి మాత్రమే సంభవించే ఘటన. ఏ మనిషికైనా ఒక పుస్తకపు తొలి పఠనం జీవితంలో ఒక్కటే. పుస్తకం ఇచ్చేవాడు తన సొత్తైన ప్రతిని ఇస్తున్నాడన్నది నిజమే గాని, ఆ క్షణంలో అతని చేతిలో ఉన్న మరింత విలువైన వస్తువు అతనిది కాదు. అది పుచ్చుకునేవారి తొలి పఠనం. ఈ తేడా గుర్తిస్తే దానధర్మాల చర్చ కాస్తా న్యాసధర్మం వైపు, అంటే ఇతరులు నమ్మి దాచమన్న వస్తువును చెడకుండా అప్పగించే బాధ్యత వైపు మళ్లుతుంది.

ఈ సంగతిని భారతీయ కథాసంప్రదాయం చాలా ముందుగానే పట్టుకుంది. 11వ శతాబ్దిలో సోమదేవుడు సంస్కృతంలో రచించిన కథాసరిత్సాగరం కథాపీఠం అనే లంబకంతో, అంటే ప్రకరణంతో, మొదలవుతుంది. ఎవరూ వినని కొత్త కథ చెప్పమని పార్వతి కోరగా, శివుడు ద్వారం దగ్గర నందిని కాపలా ఉంచి విద్యాధర చక్రవర్తుల కథ చెబుతాడు. పుష్పదంతుడనే గణం యోగబలంతో అదృశ్యుడై లోపలికి పోయి విని, దాన్ని భార్య జయకు చెప్పేస్తాడు. జయ వెళ్లి పార్వతి ఎదుటే ఆ కథ వల్లిస్తుంది. చెలికత్తెకు కూడా తెలిసిన పాత కథనా తనకు చెప్పింది అని పార్వతి మొదట శివుడి మీదే కినుక వహించి, నిజం తెలిశాక పుష్పదంతుణ్ణి మనిషిగా పుట్టమని శపిస్తుంది. అతని తరఫున మాట్లాడిన మాల్యవంతుడికీ అదే శాపం. ఇక్కడ జరిగిన నష్టం ఏమిటో నిదానించి చూడాలి. కథ పోలేదు, శివుడికి జ్ఞానం తగ్గలేదు, పార్వతి విన్న కథలో ఒక్క అక్షరం చెడలేదు. తన కోసమే అన్న కొత్తదనం, ఆ కథకూ తనకూ మధ్య ఉన్న అపూర్వత పోయింది. దేవి ఆగ్రహించింది దానికి.

శాపవిమోచనం దీనికంటే ఆశ్చర్యకరమైనది. వింధ్యాటవిలో పిశాచమై తిరుగుతున్న కాణభూతికి ఆ కథను పూర్తిగా చెప్పినప్పుడు పుష్పదంతుడికీ, అతని నుంచి విని లోకంలో వ్యాపింపజేసినప్పుడు మాల్యవంతుడికీ విముక్తి. కథ చెప్పడం వల్ల వచ్చిన దోషానికి కథ చెప్పడమే ప్రాయశ్చిత్తమైంది. చేసిన పని ఒకటే అయినప్పుడు ఒకచోట పాపం, మరొకచోట పుణ్యం ఎలా అయింది? జయకు చెప్పినది, తనకు తెలిసిందన్న ఉత్సాహాన్ని లోపల అణచుకోలేని మాట; వినేవారి అవసరం అక్కడ లేదు. కాణభూతికి చెప్పినది, ఆ కథ కోసమే అడవిలో ఏళ్లతరబడి ఎదురుచూస్తున్నవాడికి మొదటి నుంచి చివరిదాకా వరస తప్పకుండా అప్పగించడం. సిఫారసు చేసే ప్రతి పాఠకుడూ ఈ రెండు పనుల్లో ఏదో ఒకటే చేస్తున్నాడు. ఉత్సాహం రెండింటిలోనూ ఉంటుంది; మొదటిదానిలో అది చెప్పేవాడి భారం దించుకోవడానికి ఖర్చవుతుంది, రెండోదానిలో వినేవారి దాహానికి లోబడుతుంది.

ఇక అధికారం మాట. శాస్త్రగ్రంథం ఆరంభంలో నాలుగు సంగతులు తేల్చడం మన పద్ధతి. వీటిని అనుబంధ చతుష్టయం అంటారు. ఎవరు చదవాలన్నది అధికారి, దేని గురించన్నది విషయం, గ్రంథానికీ విషయానికీ ఉన్న లంకె సంబంధం, చదివితే కలిగేది ప్రయోజనం. భగవద్గీత చివరి అధ్యాయంలో కృష్ణుడు తపస్సు లేనివాడికీ భక్తి లేనివాడికీ వినాలన్న కోరిక లేనివాడికీ దీన్ని చెప్పవద్దని నిషేధించి, వెనువెంటనే భక్తులకు చెప్పినవాడికి పరమపదం వాగ్దానం చేస్తాడు. శ్రీవైష్ణవ సంప్రదాయం మరో మార్గాన్ని చూపింది: తిరుక్కోష్టియూరులో గురువు రహస్యంగా ఉంచమన్న మంత్రార్థాన్ని, తాను నరకానికి పోయినా పదిమంది తరిస్తే చాలునని రామానుజులు గుడి ఎక్కి అందరికీ చాటారని గురుపరంపర చెబుతుంది, ఆళ్లగడ్డ పక్కనున్న అహోబిలంలో ఈ వృత్తాంతం భక్తులకు కంఠస్థం. దీనికి సరిగ్గా ఎదురు వైపు అదే జిల్లాలోని బనగానపల్లెలో ఉంది. పోతులూరి వీరబ్రహ్మం రాబోయే కాలాన్ని గురించి రాసిన కాలజ్ఞాన పత్రాలను అక్కడ చింతచెట్టు కింద పాతిపెట్టాడని జనం నమ్మకం. ఒకరు గోపురం మీది నుంచి చాటితే మరొకరు మట్టిలో దాచారు. ఇద్దరినీ ఈ సీమ కొలుస్తుంది.

అద్భుత సాహిత్యానికి ఇందులో ఏ దారి తగుతుంది? అభినవగుప్తుడు చెప్పిన సహృదయుడు, అంటే కావ్యాలు చదివి చదివి మనసు నిర్మలమై రచనతో ఏకం కాగలిగినవాడు, చదవకముందే సహృదయుడు కాలేడు. చదవడం వల్లనే అవుతాడు. కాబట్టి మనసు తయారయ్యాకే పుస్తకం ఇస్తామనడంలో అన్యోన్యాశ్రయ దోషం ఉంది. ఒకటి ఉంటేగాని రెండోది ఉండదు, రెండోది ఉంటేగాని మొదటిది ఉండదు. ఎనిమిదో తరగతి పిల్లకు కాలయంత్రం కథ అర్థం కాదని పెద్దలు అనుకున్నప్పుడు వారు ఆ పిల్ల అర్హతను కొలవలేదు, తమ ఊహాశక్తికి హద్దు గీసుకున్నారు. గీత చెప్పిన అడ్డంకుల్లో కథలకు గట్టిగా నిలిచేది ఒక్కటే: వినాలన్న కోరిక లేకపోవడం. మధిర సుబ్బన్న దీక్షితులు కాశీమజిలీ కథలకు కట్టిన చట్రంలో ఈ వివేకం ఉంది. మణిసిద్ధుడు కాశీకి తోడుగా తీసుకుపోయే గోపకుడు ప్రతి మజిలీలోనూ ఏదో వింత చూసి వచ్చి, దాని సంగతి చెబితేగాని కదలనంటాడు. అప్పుడుగాని కథ మొదలుకాదు. పశువుల కాపరికి కావ్యపాండిత్యం లేదు, అడిగే గుణం ఉంది. అధికార ప్రశ్న అందువల్ల పుచ్చుకునేవారి నుంచి ఇచ్చేవారి మీదికి మళ్లుతుంది: అడిగినంతకు మించి చెప్పకుండా ఉండగల నిగ్రహం ఇచ్చేవారికి ఉన్నదా అన్నది అసలు పరీక్ష.

నిగ్రహమంటే మౌనం కాదు. పొగడకుండా పుస్తకాన్ని ఎవరూ ఎవరి చేతా చదివించలేరు. మీమాంసకులు అర్థవాదం అని ఒక వాక్యజాతిని గుర్తించారు; విధించిన పనిలోకి మనిషిని ఉత్సాహపరచడానికి చేసే స్తుతి అది, దాన్ని అక్షరార్థంలో తీసుకోనక్కరలేదు. పురాణం చివర వచ్చే ఫలశ్రుతి ఈ కోవలోనిదే. విన్నవారికీ చదివినవారికీ ఇన్ని ఫలాలని చెబుతుందేగాని అధ్యాయాల సారాంశం మళ్లీ విప్పదు. మంచి సిఫారసు మంచి ఫలశ్రుతిలా ఉండాలి. దేవుడి పేరు మీద కరపత్రం అచ్చువేసి, ఇన్ని ప్రతులు పంచితే లాభమనీ పంచకపోతే కీడనీ బెదిరించే తీరు ఫలశ్రుతికి పట్టిన తెగులు. చదవకపోతే నువ్వు పాఠకుడివే కాదని తోటివారిని చిన్నబుచ్చే సిఫారసు కూడా ఆ జాతిదే.

శాఖా గ్రంథాలయం నుంచి తెచ్చిన ఏ పాత నవల అయినా చివరి అట్ట దగ్గర తెరిచి చూస్తే ఈ ధర్మాధర్మాలు రెండూ కనిపిస్తాయి. అంటించిన తేదీ చీటీ మీద వంకరటింకర ముద్రలు వరసగా ఉంటాయి; ఎవరు తీసుకున్నదీ తెలియకపోయినా పుస్తకం చేతులు మారిందని మాత్రం అవి సాక్ష్యం చెబుతాయి. ముందు పేజీలో ఎవరో పెన్సిలుతో, తప్పక చదవండి, చాలా బాగుంది అని రాసి ఉంటారు. మధ్యలో ఎక్కడో, మాంత్రికుడి వేషంలో ఉన్నది ఎవరో, చివరికి ఎవరు చనిపోతారో మరొకరు నీలిసిరాతో రాసి గీత కొట్టి ఉంటారు. మొదటి చేతిరాత కాణభూతికి కథ అప్పగించినవాడిది, రెండోది జయకు చెప్పినవాడిది. 1914లో బెజవాడ మహాసభతో ఊపందుకున్న గ్రంథాలయోద్యమంలో కర్నూలులో పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు వంటివారు పల్లెలకు పుస్తకాలు చేర్చాలని అంతగా శ్రమించింది ఆ పెన్సిలు గీత వంటివి పుట్టడానికే. ప్రతి చదువరికీ తగిన పుస్తకం, ప్రతి పుస్తకానికీ తగిన చదువరి ఉండాలని 1931లో గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ సూత్రీకరించినప్పుడు ఆ రెంటినీ కలిపే పనిలో గ్రంథపాలకుడికి ఎంత బాధ్యత ఉందో, తోటి పాఠకుడికీ అంత ఉంది.

ఇంతటితో ఒక పెద్ద ఆక్షేపణ మిగులుతుంది. లేని లోకాల కథలు పంచడం కాలహరణమనీ, సత్యాన్వేషణకు అడ్డమనీ ఆస్తికులూ హేతువాదులూ చెరొక వైపు నుంచి అంటారు. క్రైస్తవ విశ్వాసి అయిన జె.ఆర్.ఆర్. టోల్కీన్ 1939లో సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయంలో చేసిన ప్రసంగంలో దీనికి ఒక సమాధానం ఇచ్చాడు: సృష్టికర్త పోలికలో పుట్టిన మనిషి ఉపసృష్టి చేయడం, అంటే మొదటి సృష్టికి లోబడి రెండో లోకాన్ని కల్పించడం, అపచారం కాదు, తన స్వభావానికి తగిన పని. సూరన ఇంకొక అడుగు ముందుకు వేశాడు. ఆయన కావ్యంలో బ్రహ్మ కట్టిన కథే లోకమవుతుంది; కల్పనకూ సృష్టికీ మధ్య అక్కడ జాతిభేదం లేదు, కాలభేదమే ఉంది. టోల్కీన్ సమాధానంలో మనిషి ఊహకు అనుమతి దొరుకుతుంది, సూరన సమాధానంలో గౌరవం దొరుకుతుంది. రెండోదే గట్టి సమాధానం.

పండితుల చిన్నచూపు కూడా కొత్తది కాదు. శాపవశాన గుణాఢ్యుడిగా పుట్టిన మాల్యవంతుడు ఏడు లక్షల శ్లోకాల బృహత్కథను పైశాచీ భాషలో తన నెత్తురుతో రాసి, గుణదేవుడు, నందిదేవుడు అనే శిష్యుల చేత సాతవాహన రాజుకు పంపిస్తాడు. భాష పిశాచాలది, అక్షరాలు నెత్తురువి అని రాజు తోసిపుచ్చుతాడు. లోపల ఏముందో ఒక్క పుట చదవలేదు. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం రాసిన తోకచుక్క, మకరదేవత, రాకాసిలోయ ధారావాహికలను పిల్లల కాలక్షేపమని పక్కన పెట్టినవారు చేసింది ఇదే. వాటి విలువ ఎరిగినవారు మాత్రం నెలనెలా పుటలు విడదీసి, పిన్నులు తీసి, దబ్బనంతో కుట్టి, అట్ట వేసి ఇల్లిల్లూ తిప్పారు. ఆ కుట్లు తెలుగు ఫాంటసీకి పండితుల పీఠికల కంటే ఎక్కువ సేవ చేశాయి. టోల్కీన్ రాసిన హాబిట్ 1937లో అచ్చుకావడానికి ముందు ప్రచురణకర్త దాన్ని పదేళ్ల తన కొడుకు రేనర్ అన్విన్‌కు ఇచ్చి అభిప్రాయం అడిగాడు. ఒక షిల్లింగు పుచ్చుకుని ఆ పిల్లవాడు బాగుందని రాసిచ్చాడు. అధికారి ఎవరన్న ప్రశ్నకు ఆ చీటీ ఒక సమాధానం.

తిరస్కారం తరువాత గుణాఢ్యుడు అడవిలో హోమగుండం వెలిగించి, ఒక్కొక్క పుటా చదువుతూ మంటలో వేస్తాడు. మృగాలూ పక్షులూ మేత మాని చుట్టూ చేరి కన్నీళ్లతో వింటాయి. రాజుకు వడ్డించే మాంసంలో సారం పోయి, అతనికి జబ్బు చేసి, వేటగాళ్ల నోట కారణం తెలుస్తుంది; రాజు పరుగున వచ్చేసరికి ఆరు లక్షల శ్లోకాలు బూడిదయ్యాయి. మిగిలిన లక్ష నరవాహనదత్తుడి కథ. అది మిగలడానికి కారణాన్ని సోమదేవుడు స్పష్టంగా చెబుతాడు: ఆ భాగమంటే శిష్యులిద్దరికీ ఇష్టం కాబట్టి గుణాఢ్యుడు వారి కోసం దాన్ని పక్కన ఉంచాడు. రాజు ఆదరణా విద్వత్సభ నిర్ణయమూ కాపాడలేని గ్రంథాన్ని ఇద్దరు చదువరుల ఇష్టం కాపాడింది. గుణాఢ్యుడు దేహం విడిచాక ఆ శిష్యులే రాజు దగ్గర కూర్చుని అతని చేత ఆ కథను చదివించారు; చదివిన రాజు అది ఎవరి నోటి నుంచి ఎవరి చెవికి, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి దిగివచ్చిందో వివరిస్తూ కథాపీఠాన్ని కూర్చి గ్రంథానికి మొదట చేర్చాడు.